బుడ్డికి ఇంకా ఐదు నెలలు

ప్రియమైన శ్రీమతికి,

ఫోన్లో నేను వివరాలు ఏకరువు పెట్టడం, నువ్వు ఊఁ కొట్టడం, ఇదే సరిపోతోంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మనం వెళ్లి స్థిరపడడానికి రెండు దేశాలు చూశాను. మొదటి దాంట్లో కళ్లజోళ్ల షాపుకి వారంలో లైసెన్స్ ఇస్తారు. కానీ షాపు మూతపడిన రోజే మనమూ పెట్టె సర్దుకోవాలి. రెండో దాంట్లో ఐదేళ్లకు శాశ్వత నివాసం ఇస్తారు, కానీ అక్కడివాణ్ణి ఒకణ్ణి భాగస్వామిగా పెట్టుకోవాలట. మూడోది కూడా చూశాకే తేలుస్తాను.

ఎక్కడైనా రూలు ఒకటే. దరఖాస్తు పెట్టే రోజుకి పద్దెనిమిది నిండని పిల్లలే తల్లిదండ్రులతో కలిసి రావచ్చు. చిన్నదానికి పదేళ్లే. పెద్దది, మన బుడ్డికి పద్దెనిమిది నిండడానికి ఇంకా ఐదు నెలలుంది కాబట్టి కంగారేం లేదు.

నీ చేతి కాఫీకి మొహం వాచిన,
మీ ఆయన

ప్రియమైన మీకు,

అందరం కులాసా అని రాయాలనే ఉంది. మన షాపు కొంటానన్న ఆయన రెండుసార్లు వచ్చి బీరువాలు కొలుచుకుని వెళ్లాడు. బుడ్డి స్నేహితులంతా కాలేజీల్లో చేరిపోయారు. "ఎలాగూ వెళ్లిపోతాంగా" అన్న మీ మాట పట్టుకుని ఇది ఎక్కడా చేరలేదు. పొద్దున్నే షాపుకొచ్చి కౌంటర్లో కూర్చుంటోంది.

కళ్ల పరీక్షలో ఒక్కో అద్దం మార్చి "ఇది బాగుందా, అది బాగుందా?" అని జనాన్ని అడిగీ అడిగీ మీకదే అలవాటైపోయింది. మీరు జన్మలో నాన్చకుండా చేసిన పని ఒక్కటే. వయసు చాలదని బడివాళ్లు అన్నా వినకుండా బుడ్డిని అదే ఏడాది చేర్పించారు. క్లాసులో అందరికన్నా పొట్టిదని దానికా పేరు పడింది. ఆ తెగింపు ఇప్పుడూ చూపించండి. ఏదో ఒక దేశం పేరు చెప్పండి, మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తాం.

ఎదురుచూపుల్లో,
మీ ఆవిడ

ప్రియమైన నీకు,

నాలుగు నెలలు ఉత్తరం రాయనందుకు ముందు తిట్టేసెయ్. మూడో దేశం చలికి జడిసి, మళ్లీ మొదటి దాన్ని చూసొచ్చి, చివరికి రెండోదానికే దరఖాస్తు పెట్టాను. అప్పటికి నా లెక్కలో బుడ్డికి ఇంకా రెండు నెలలుంది. ఆ ధీమాతోనే మన షాపు అమ్మేయమన్నాను.

నిన్న జవాబొచ్చింది. మనిద్దరికీ, చిన్నదానికీ అనుమతి ఇచ్చారు. బుడ్డికి ఇవ్వలేదు.

ఆఫీసరు దాని పాస్‌పోర్టు నకలు తిప్పి నా ముందు పెట్టాడు. అందులో ఉన్నది అసలు పుట్టినరోజు కాదు. బడిలో చేర్చుకోవడం కోసం వయసు నాలుగు నెలలు పెంచి నేను రాయించిన తేదీ. ఏటా కేకు కోసేది అసలు తేదీకే కదా, ఆ రెండోది బుర్రలోంచి జారిపోయింది. ఫారాలు ఏజెంటు నింపాడు, నేను చూడకుండా సంతకం పెట్టాను. మొదటి ఉత్తరం రాసిన రోజు దానికి మిగిలింది ఐదు నెలలు కాదు, ఒక్క నెల. ఆ నెల నేను మూడో దేశం చూడ్డానికి ఖర్చుపెట్టాను.

అసలు తేదీ వేరని బతిమాలాను. "కాగితం ఏది?" అన్నాడు. ఆయన తప్పేం లేదు.

ఈ నెలాఖరులోగా మీరిద్దరూ వచ్చి చేరకపోతే ముగ్గురిదీ రద్దు. నాకేమీ తోచడం లేదు. నువ్వే చెప్పు.

నీకు మొహం చూపించలేని,
మీ ఆయన

ప్రియమైన మీకు,

ఉత్తరం బుడ్డే విప్పి చదివింది. నా చేతికిచ్చి, లోపలికెళ్లి చెల్లెలికి జడ వేసింది. ఏడవలేదు. మర్నాడు షాపు కొన్నాయన్ని అడిగి, మన కౌంటర్లోనే ఉద్యోగానికి కుదురుకుంది. హాస్టల్ కూడా చూసుకుందట. "నాన్నకి ఎంచుకోవడం కష్టం కదమ్మా, ఇదొక్కటి నేను తేల్చేస్తాలే" అంది.

మిమ్మల్ని తిట్టాలనే కాగితం తీశాను. కానీ ఆ తేదీ రాయించిన రోజు పక్కన నేనూ ఉన్నాను. నాకైనా గుర్తుండాలి కదా.

నన్ను చెప్పమన్నారు. దాన్ని వదిలి రావడానికి కాళ్లు రావడం లేదు. మిమ్మల్ని తిరిగి రమ్మందామంటే ఇక్కడ మనకి షాపు లేదు. ఏమని చెప్పను?

నిన్న షాపుకి వెళ్తే బుడ్డి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లకి పరీక్ష ఫ్రేము పెట్టి, అచ్చం మీ గొంతుతో "ఇది బాగుందా, అది బాగుందా?" అని మొదలుపెట్టింది. ఎన్ని అద్దాలు మార్చినా ఎదుటి బోర్డు మీద నాకు ఒక్క అక్షరమూ కనబడలేదు. కళ్లు తుడుచుకోమని గుడ్డ ఇచ్చి, మళ్లీ మొదటి అద్దం పెట్టింది.

ఏమీ తేల్చలేని,
మీ ఆవిడ