నిండా పోసిన పెట్రోలు

మునిరాజన్నా,

రోడ్డు ప్రమాదంలో నువ్వు పోయి ఈ రోజుకు రెండేళ్లు. పొద్దుటి నుంచి ఒకచోట నిలవలేకపోతున్నాను. "యాడికప్పా ఊరికే తిరుగుతావు, ఈడ కూచో" అని వదిన రెండుసార్లు కేకేసింది.

నిన్న హోసూరులో మా ఫ్యాక్టరీకి స్లొవాకియా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. యుద్ధంలో హిట్లర్ పక్షాన ఉన్న ఆ చిన్న దేశపు వైమానిక దళం గురించి నువ్వు లైబ్రరీలో వెతికి చదివేవాడివి. శత్రువుల వైపు ఎగిరిపోయిన పైలట్ల కథ చెప్పి, "వాళ్లు పారిపోతారని విమానానికి పెట్రోలు పోసినోనికి ముందే తెలిసుంటాదా అప్పా?" అని నన్నడిగేవాడివి.

టీ తాగుతూ ఆయన్ని అదే అడిగాను. ఆయన తాత ఆ దళంలో మెకానిక్కట!

"పైలట్ ఏమీ చెప్పలేదు. భార్య ఫోటో జేబులో పెట్టుకోవడం చూసి తాతకు అర్థమైంది. సగం పోయాల్సిన ట్యాంకు నిండా పోశాడు."

"తర్వాత?"

"జైల్లో పెట్టారు. దానికి బాధపడలేదు. పోతున్నానని తనతో ఒక్కమాట అనలేదే అని మాత్రం చివరిదాకా బాధపడ్డాడు."

గ్లాసు అక్కడే వదిలేసి లేచి వచ్చేశాను. ఆ రోజు డ్యూటీకి బయలుదేరుతూ "పోయొస్తానప్పా" అని నువ్వు చెప్పావు. నేనే పేపర్లోంచి తలెత్తలేదు.