నాలుగు నెలల ముందే

కుటుంబ కోర్టు గుమాస్తా గారికి నమస్కారం.

నిన్న మీ కిటికీ దగ్గరికి వచ్చి, మా అబ్బాయి భరణం కేసు మూసేయమని అడిగింది నేనే, బడి పిల్లల యూనిఫాంలు కుట్టే ఆవిడని. "అబ్బాయికి పద్దెనిమిది నిండటానికి ఇంకా నాలుగు నెలలున్నాయిగా అమ్మా. నిండాక అర్జీ పెడితే సరిపోతుంది. వచ్చేదాన్ని కాలదన్నుకుంటారా?" అన్నారు మీరు. నా వెనక చాలామంది నిలబడి ఉండటంతో అసలు సంగతి చెప్పలేకపోయాను.

అబ్బాయి పోయిన నెల వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోయాడు. మా మధ్య గొడవేమీ లేదు. "అక్కణ్ణించి కాలేజీ దగ్గరమ్మా. ఆదివారాలు వస్తాగా" అన్నాడు. మూడు ఆదివారాలు మిషను కట్టిపెట్టి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. ఈలోగా వాళ్ల నాన్న జీతంలోంచి కోసిన డబ్బు ఎప్పటిలాగే నా ఖాతాలో పడింది. వాడు తినని అన్నానికి వచ్చిన ఆ డబ్బు వాడుకోవడానికి నాకు చేతులు రాలేదు. అందుకని వాడు వెళ్లిన రోజు నుంచే కేసు మూసేయండి. పడిన డబ్బు వెనక్కి ఎలా కట్టాలో కూడా చెప్పండి.

మీరిచ్చిన ఫారం నింపి జతచేశాను. ఇంట్లో ఉండేవారు ఎందరు అన్నచోట అలవాటుగా ఇద్దరు అని రాశాను. తర్వాత కొట్టేసి ఒక్కరు అని దిద్ది, పక్కన సంతకం పెట్టాను. కొట్టివేత ఉందని దయచేసి తిప్పి పంపకండి. దాన్ని ఇంకోసారి రాయడం నా వల్ల కాదు.

ఇట్లు,
అబ్బాయి తల్లి