అయిదో మగ్గం

జూలై 8, మంగళవారం

మళ్లీ ఆగిపోయింది. కొంగులో నెమలి తోక సగం వేశాను, తెర బిగుసుకుపోయింది, అంతే. పొద్దుటినుంచీ చేసిందంతా గంగలో కలిసింది. వేడికి ఆగుతోందేమోనని పాత కంప్యూటర్‌కి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను, జ్వరమొచ్చిన బిడ్డకు విసిరినట్టు. అన్న తొంగిచూశాడు. "కొత్తది తీసుకుందాంలే పాపా" అన్నాడు. నలభై దగ్గర పడుతున్నాయి, ఈ ఇంట్లో నేనింకా పాపనే.

జూలై 9, బుధవారం

అన్న అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు అనుమానమే.

పోయిన శ్రావణంలో గీసిన మామిడిపిందెల అంచు... మా మగ్గాల మీద రెండో చీర దిగకముందే బజారులో వేరేవాళ్ల షాపు అద్దంలో వేలాడింది. పిందె తొడిమ దగ్గర కావాలని ఒక గడి ఖాళీ వదిలాను, ఆ ఖాళీతో సహా. దొంగ ఎవడో అని ధర్మవరం మొత్తాన్నీ తిట్టాను. తీరా చూస్తే అన్నే. ఫైలుకి ఫైలే మా చీరలు కొనే బెంగళూరు పార్టీకి పంపేశాడు, వాళ్లు అడిగినవాళ్లందరికీ పంచారు. నిలదీస్తే "ఒకే ఇంట్లో నీది నాది ఏంది" అన్నాడు. మగ్గాల సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆ మాట అనడు.

అందుకే ఈసారి షరతు. కొత్త దానికి నెట్ ఉండకూడదు. వైఫై లేని మదర్‌బోర్డు. అన్న కంప్యూటర్ ఉన్న ముందు గదిలోకి వైరు కూడా లాగకూడదు. మగ్గానికి బొమ్మ చెప్పే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టే చోటికి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నేనే పోతాను. నా డిజైను నేనిస్తేనే నా గది దాటాలి. నేను అడిగేది అదొక్కటే.

"సరే" అన్నాడు. తలెత్తకుండా అన్నాడు.

జూలై 11, శుక్రవారం

పెనుకొండ నుంచి సలోమీ ఫోన్. కాలేజీలో నా పక్క బెంచీ, ఇప్పుడు అక్కడ స్కూల్లో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఏం కొనాలో అంతా దాన్నే అడుగుతున్నాను. ప్రాసెసర్‌లో కోర్లు ఎన్ని ఉన్నాయని చూడొద్దట, ఒక్కో కోరు ఎంత వేగమో చూడాలట. మన డిజైన్ సాఫ్ట్‌వేర్ పాతకాలంది కదా — పనంతా ఒక్క కోరు మీదే పడేస్తుందట, మిగతావి ఊరికే కూర్చుని చూస్తుంటాయట.

మా ఇల్లు గుర్తొచ్చి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో దానికి అర్థం కాలేదు.

జూలై 12, శనివారం

బోర్డుల గురించి చదివీ చదివీ కళ్లు మంటలు. ప్రతి బోర్డూ రెండు రకాలు — వైఫై ఉన్నది, లేనిది. పేరు చివర ఒక్క మాట తేడా. ర్యామ్‌కి నాలుగు స్లాట్లుంటే తర్వాత పెంచుకోవచ్చు... రెండే ఉంటే ఇక అంతే సంగతులు. మెషిన్ లోపల అన్నీ దీని మీదే కూర్చుంటాయి, కానీ జనం అడిగేది ప్రాసెసర్ పేరు. అమ్మ వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసి, చీర నేసేదానికి ఇంత చదువెందుకు అంది. ఈ ఇంటి చీరల మీద బొమ్మలు వాటంతట అవే పుడతాయనుకుంటుంది కాబోలు.

జూలై 14, సోమవారం

హిందూపురం పోయి వచ్చాను. షాపు అన్న చెప్పిందే, అన్నకు తెలిసినతనే. పెనుకొండలో సలోమీ రైలెక్కింది. స్కూలుకి సెలవు పెట్టి మరీ వచ్చింది పాపం.

మేం లోపలికి అడుగు పెట్టామో లేదో, షాపతను మా వెనక చూశాడు. సార్ రాలేదా మేడమ్ అన్నాడు. రాలేదన్నాను. అయినా ఇంకోసారి వీధిలోకి చూశాడు.

కావలసిన ప్రాసెసర్ పేరు గడగడా చెప్పాను. నెలరోజులు బట్టీ పట్టినదానిలా. చివర ఎఫ్ అనే అక్షరం ఉన్నది, అదే రకంలో కాస్త చవక. అతను నవ్వలేదు, అది అతని మంచితనం. "సుమ్నే యాల మేడమ్, ఊరికే దుడ్లు పోగొట్టుకునేది. ఎఫ్ ఉండేది తీసుకుంటే తెర మీద బొమ్మే రాదు. దానికి వేరేగా గ్రాఫిక్స్ కార్డు కావల్ల" అన్నాడు. సలోమీ నాలుక కరుచుకుంది. ఇద్దరమూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. బొమ్మలు గీసేదాన్ని, బొమ్మ రాని ప్రాసెసర్ కొనబోయాను.

అయితే ఒకటి. తెలియనట్టు ఊరుకుని ఉంటే, ఆ కార్డు కూడా అమ్ముకునేవాడు. చెప్పాడు. దాంతో అతని మీద నమ్మకం కుదిరింది.

వైఫై లేని బోర్డంటే ఈ రోజుల్లో ఎవరు అడుగుతారన్నాడు. నేను అడుగుతున్నానన్నాను. రాసుకున్నాడు. మెట్లు దిగి వెనక్కి చూస్తే ఫోన్ చెవిన పెట్టుకుని నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఇంకో షాపు చూద్దామే అంది సలోమీ. ఎఫ్ సంగతి నిజం చెప్పిన మనిషి కదా అని నేనే వద్దన్నాను.

జూలై 17, గురువారం

వచ్చింది. అన్న రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట, వచ్చేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. అమ్మ గడప దగ్గరే ఆపేసింది. హారతి, పసుపు, అద్దం పలక మీద మూడు కుంకుమ బొట్లు. అక్కడితో ఆగలేదు. మూత తీయమంది. "దీనికి గుండెకాయ యాడుండాది, దానికీ ఒకటి పెడతా" అని తడి గంధం గిన్నెతో వంగింది. రెండు చేతులూ అడ్డం పెట్టాను. మగ్గానికి పెట్టింది, జకార్డు పెట్టెకు పెట్టింది, బోరు మోటారుకి కూడా పెట్టింది. దీనికెందుకు వద్దో ఎలా చెప్పను... మూతి ముడుచుకుని పోయింది. నేను వెళ్లి బతిమాలుకుని వచ్చేసరికి అన్న అన్నీ బిగించి, ఆన్ చేసి పెట్టాడు.

నెమలి కొంగు తెరిచాను. మౌస్ మీద నుంచి చెయ్యి తీయకముందే వచ్చేసింది. తోక గీసినంతవరకూ, ఈక ఈకా. లాగితే కదులుతోంది, ఎక్కడా తడబాటు లేదు. ఏడ్చేశాను. సంతోషంతోనే.

ప్రాసెసర్ నేను అడిగినది కాదు, దానికంటే పైది. అన్నే వేయించాడు. "నీ పని బాగా సాగల్ల పాపా" అన్నాడు. కాఫీ కలిపి నా చేత్తో ఇచ్చాను. ఎన్నాళ్లయిందో అలా ఇచ్చి.

జూలై 18, శుక్రవారం

దుమ్ము తుడుస్తుంటే కనిపించాయి. మెషిన్ వెనక రెండు నల్ల కొమ్ములు. వైఫైవి.

జూలై 19, శనివారం

అన్నని అడిగాను. అవి లేని బోర్డు స్టాకు లేదట. "ఉంటే ఉండనీ, నిన్నేమన్నా కరుస్తాదా" అన్నాడు.

హిందూపురానికి ఫోన్ చేశాను. షాపతను ముందు నసిగాడు. నేను అడిగిన బోర్డు ఇంకా అక్కడే ఉందట. "మీ అన్నే మార్చమన్యాడు మేడమ్. ఇంటాయన చెప్తే మేమేం చేసేది" అన్నాడు. షాపులోకి వెళ్లి నిలబడింది నేను. అడిగింది నేను. ఇంటాయన మాత్రం అన్న.

పై రకం ప్రాసెసర్ ఎందుకో ఇప్పుడు తెలిసింది. వేగం నాకు కొన్నాడు, వాకిలి తనకు కొన్నాడు. నేనేమో కాఫీ ఇచ్చాను.

జూలై 21, సోమవారం

చీరల బిల్లు ప్రింటు రావడం లేదని వదిన పిలిస్తే ముందు గదిలోకి వెళ్లాను. అన్న కంప్యూటర్‌లో నెట్‌వర్క్ అని ఉన్నచోట రెండు పేర్లు. ఒకటి ఓనర్. రెండోది మగ్గం-5.

మాకున్నవి నాలుగు మగ్గాలు. ఏది అయిదోది?

నొక్కాను. నా డిజైన్లన్నీ వరసగా తెరుచుకున్నాయి. సగంలో ఉన్న నెమలితో సహా. వదినకు బిల్లు తీసిచ్చి వచ్చేశాను.

మా ఇంట్లో మగ్గాలకు నంబర్లు లేవు. కూర్చున్నవాళ్ల పేర్లే. తాత మగ్గం. నాయన మగ్గం — నాయన పోయాక ఓబులేసు నేస్తున్నాడు, అయినా అది నాయన మగ్గమే. కదిరప్ప ఎప్పుడో బెంగళూరుకు వాచ్‌మన్‌గా పోయాడు, ఇప్పటికీ కదిరప్ప మగ్గం నూలు తెగింది అంటాం. ఇంకొకటి అన్న మగ్గం. పోయినవాళ్లకూ, పారిపోయినవాళ్లకూ పేరుంది. నంబరు నాకొక్కదానికే.

జూలై 22, మంగళవారం

అన్నని అడిగేశాను. అమ్మ, వదిన చూస్తుండగానే.

మెషిన్‌కి పేరేం పెట్టాలని షాపతను అడిగితే నోటికొచ్చింది చెప్పాడట. అందులో తప్పేంది అన్నాడు. మిగతా నాలుగింటికీ పేర్లున్నాయి కదా అన్నాను.

"కూచునేటోళ్ల పేరు గదా మగ్గానికి పెట్టేది. నువ్వు మగ్గం మీద కూచోవు గదా పాపా."

"నువ్వు కూచుని ఎన్నేండ్లయింది?"

అన్న చొక్కా వేసుకుని బజారుకు పోయాడు. అమ్మ నన్నే చూసింది, పాలు నేనే ఒలకబోసినట్టు.

జూలై 23, బుధవారం

అన్నం తినలేదు. అమ్మ ఒకసారి పిలిచింది. రెండోసారి పిలుస్తుందని చూశాను.

జూలై 24, గురువారం

కొమ్ములు రెండూ మరలు తిప్పి ఊడదీశాను. పోపుల డబ్బాలో దాచాను, అన్న దాని జోలికి రాడు. అయినా వైఫై అందుతూనే ఉంది, మధ్యలో ఒక్క గోడే కదా. సలోమీ ఫోన్‌లో దగ్గరున్నట్టే చెప్పింది, మెషిన్ ఆన్ అవుతుండగానే బోర్డు సెట్టింగుల్లోకి పోయి వైఫైని అక్కడే ఆర్పేశాను. పూర్తిగా పోయింది. హాయిగా ఉంది. చాలా రోజుల తర్వాత పాట పాడుకుంటూ గీశాను.

జూలై 25, శుక్రవారం

హాయి ఒక్క రోజుకే సరి.

బెంగళూరు పార్టీ నెమలి కొంగు అడుగుతోందట. ఫైలు చేతికొస్తేనే ఆర్డరు. బొమ్మ ప్రింటు తీసి చూపించు, ఫైలెందుకు అన్నాను. వాళ్లు ఒప్పుకోరట. ఆర్డరు లేకపోతే ఓబులేసుకు పని లేదు. పాత అట్టల మీద ఆఖరి చీర నిన్ననే దించాడు.

అన్న అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఓబులేసు ముందరే నెమ్మదిగా అన్నాడు, "నీ పంతానికి నాయన మగ్గం ఆగల్లా?" నాయన పేరు ఎక్కడ తీయాలో బాగా తెలుసు.

ఓబులేసు నా వైపు తిరిగి, "కొత్త అట్టలు ఎప్పుడొస్తాయక్కా" అన్నాడు. మామూలుగానే అడిగాడు. వాడికి ఈ గొడవ దేని గురించో తెలియదు. తలుపు వేసుకున్నాను.

జూలై 26, శనివారం

వీడియో కాల్‌లో సలోమీతో చెప్పుకున్నాను. ఆ ఒక్కటీ ఇచ్చేయ్, మిగతావాటికి తాళం వేసుకో అంది. ఇంకో మాట కూడా అంది — ముందు ఆ మెషిన్‌కి పేరు మార్చవే. పేరు మారితే మీ అన్న కంప్యూటర్‌కి దారి తెలియదు, వెతుక్కుంటాడు. పేరు మార్చడం ఎక్కడో చూపించింది. ఇంత చిన్న పనా అనుకున్నాను.

మార్చలేదు. ఓబులేసు గుర్తొచ్చాడు. సాయంత్రం అన్న దగ్గరికి నేనే వెళ్లి, నెమలి కొంగు ఒక్కటే ఇస్తాను, సోమవారం పెన్‌డ్రైవ్‌లో నా చేత్తో ఇస్తాను అన్నాను. "పెన్‌డ్రైవెందుకు పాపా, వైఫై ఏస్తే నేనే తీసుకుంటా గదా" అన్నాడు. ఒక్కటే కదా అని ఒప్పుకున్నాను. అమ్మ పాయసం చేసింది. బెల్లం ఎక్కువ.

జూలై 28, సోమవారం

పొద్దున వైఫై వేశాను. కొమ్ములు కూడా మళ్లీ బిగించాను, జీలకర్ర వాసన కొడుతున్నాయి. నెమలి ఎక్కడుందో చెప్పాను.

అంచు గీసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి ముందు గదిలోంచి అన్న గొంతు — "పాపా, నీది ఆర్పొద్దు. అన్నీ ఒకేసారి లాగుతాండా. చానా సేపు పడతాది."

అన్నీ.

ఒక్కటి అన్నాను. అమ్మ ఎదుటే అన్నాను. తాళం వేయడం తర్వాత చూద్దాంలే అనుకున్న నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

సలోమీ చూపించిన చోటికి వెళ్లాను. గడిలో మగ్గం-5 అని ఉంది. చెరిపేశాను. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు కొట్టాను, గిరిజ. మళ్లీ చదువుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో నెమలి ఒక్కటీ వేసి పెట్టాను, ఓబులేసు కోసం. అన్న తీసుకుంటాడో, విసిరికొడతాడో.

రీస్టార్ట్ చేస్తేనే పేరు మారుతుందట. చేస్తే అటువైపు లాగుతున్నవన్నీ తెగిపోతాయి. ఇప్పుడా, తర్వాతా అని అడుగుతోంది. తెర అలాగే వదిలి ఇది రాస్తున్నాను. కిటికీలోంచి ఓబులేసు కనిపిస్తున్నాడు, నాయన మగ్గం మీద దుమ్ము దులుపుతున్నాడు, అట్టలు ఈరోజే వస్తాయన్నట్టు.

అన్న మళ్లీ పిలుస్తున్నాడు. "పాపా, ఉండావా?"

ఇంకా పలకలేదు.