టాలివర్ పేరు విప్పిన ఆదివారం

కార్‌వెల్, ఒహాయో
2019 నవంబరు 19, మంగళవారం

గౌరవనీయులైన మిస్ వెర్లీన్ గారికి,

బట్టల దుకాణంలో కుట్టుపని చేసే లోవైనా మర్యాదతోనూ, అంతకంటే ఎక్కువ సిగ్గుతోనూ రాసుకుంటున్న ఉత్తరం. మీరూ మీ అబ్బాయీ కులాసాగా ఉన్నారని, ఈ చలికి మీ మోకాళ్ల నొప్పులు ముదరలేదని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం. మా యజమాని పావ్లిక్ గారికి జలుబు తగ్గింది. మీ ఊదారంగు చర్చి గౌను అంచు మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించి ఉంచాను. ఆరు వారాలైంది, మీరు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసు కనుక ఫోను చేసి అడగలేదు.

నేను ఎనిమిదో తరగతి దాకానే చదివాను. గుర్రబ్బండ్లతో, పాత పద్ధతుల్లో బతికే మా ఆమిష్ వాళ్లలో ఆడా మగా ఎవరికైనా చదువు అంతటితో సరి. తప్పులుంటే మన్నించండి. ఎదురుగా వచ్చి చెప్పాలంటే మీ ముఖం చూడాలి. అది నావల్ల కాదు.

ఆగస్టులో మీరు మొదటిసారి ఆ నీలం కోటు తెచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. "మా మిసిసిపీలో కోటు సోకు కోసం. ఇక్కడ ప్రాణం కోసమంటున్నారు. లోపల దళసరి లైనింగు వెయ్యి తల్లీ" అన్నారు. కొలతలు తీసుకుంటున్నంతసేపూ నేను ఒక్క మాటా మాట్లాడకపోతే, "ఏమ్మా, నోరు విప్పితే మీ యజమాని జీతం కోస్తాడా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ప్రతి గురువారం ఏదో ఒకటి తెచ్చేవారు. ఊడని బొత్తాం కూడా ఒకసారి ఊడిందని తెచ్చారు. నా మిషను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, నాచేత మాట్లాడించేవారు.

ఎవరికీ చెప్పనివి మీకు చెప్పాను. మా వాళ్లను కాదని బయటివాణ్ణి పెళ్లి చేసుకున్నాను కనుక, పుట్టింటికి వెళితే నాకు విడిగా చిన్న బల్ల వేసి వడ్డిస్తారని చెప్పాను. మీరు జాలిపడలేదు. "అదే వంట, అదే వడ్డన, బల్లలు మాత్రం రెండా? అయితే ఈసారి నీ బల్ల దగ్గర నాకో కుర్చీ వెయ్యమను. ఆ పెద్ద బల్లవాళ్లు మన కబుర్లు విని కుళ్లుకోవాలి" అన్నారు. ఆ రాత్రి మా ఆయన నేట్‌కి ఆ మాట చెప్పి ఎంత నవ్వానో.

సెప్టెంబరులో ఒక గురువారం మీరు దిగులుగా వచ్చారు. మీ అబ్బాయికి ఈ ఊళ్లో కొత్త ఉద్యోగమని, ఇరవై రెండేళ్లేనని చెప్పారు. "పని రాక కాదు తల్లీ. పని వాడికంటే వేగంగా మీదికొస్తోంది. నిదానంగా చూస్తే అన్నీ తెలుసు. నిదానంగా చూడనిచ్చేదెవరు?" అన్నారు. ఆ అబ్బాయి ఎవరో అప్పుడు నాకు తెలియదు. మీరు చెప్పలేదు, నేను అడగలేదు.

అప్పుడే మా నాన్న సంగతి చెప్పాను. మా నాన్న గుర్రాలకు బండి లాగడం నేర్పుతారు. ఒక ఆసామి మూడేళ్ల గుర్రాన్ని కొనుక్కెళ్లి, రెండో వారమే పెద్ద రోడ్డెక్కించాడు. లారీ హారను మోగగానే అది బండిని కాలవలోకి దింపింది. ఆసామి కుంటుకుంటూ వచ్చి, ఇది పనికిరాని గుర్రం, డబ్బు తిరిగి ఇమ్మన్నాడు. మా నాన్న గుర్రం మెడ నిమురుతూ, "రోడ్డు దీనికి కొత్త, నీకు కాదు కదా. బెదిరింది గుర్రం, తొందరపడింది నువ్వు. ముసలి గుర్రం పక్కన కట్టి ఏడాదిపాటు పల్లె దారుల్లో తిప్పు. అప్పుడొచ్చి దీని మంచీ చెడూ చెప్పు" అన్నారు. మీరది విని నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఈ మాట చెప్పేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరున్నా చాలు" అన్నారు.

ఇక అక్టోబరు ఆరో తారీకు ఆదివారం సంగతి రాయాలి. ఇందాకటి నుంచి ఆ మాట రాకుండా పక్కదారులు పడుతున్నాను.

మా మామగారు స్టాన్ ఓరవెట్స్ దగ్గర మన హామర్స్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా ఒకటుంది. వీపు మీద పేరుండే చోట, జట్టుకి, బంతి విసిరి ఆట నడిపే ఏ కొత్త క్వార్టర్‌బ్యాక్ వస్తే అతని పేరు కుట్టిస్తారు. ఇక వీడివల్ల కాదని ఇంట్లో తేల్చాక, స్టేడియం బయట కార్లు ఆపే చోట, సాసేజీలు కాల్చుకునే పొయ్యి దగ్గర, అందరి ముందూ ఆ పేరు విప్పి నిప్పుల్లో వేస్తారు. ఈ ఏటికి ముందు ఇరవై ఏళ్లలో పదహారు పేర్లు అలా పోయాయి. అక్కడ గుడ్డ జల్లెడలా అయింది. పేరు పోతుంది గాని సూది రంధ్రాలు పోవు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పాతవాళ్ల పేర్లు ఇప్పటికీ చదవచ్చు.

మా అత్తగారు పోయాక పేర్లు జిగురుతో అంటించేవారట. ఈ ఆగస్టులో నేను టాలివర్ అన్న ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలూ మైనం పూసిన దారంతో, రెండేసి కుట్లు వేసి కుట్టాను. మామగారు వేలితో తడిమి చూసి, "అబ్బో, ఇది నీ మొగుడి కంటే గట్టిగా ఉందే!" అన్నారు. కాపురానికొచ్చిన రెండేళ్లలో ఆ ఇంట్లో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

నాలుగు ఆటలయ్యాయి. మూడు ఓడారు. మీ అబ్బాయి విసిరిన బంతి తొమ్మిది సార్లు ఎదుటి జట్టువాళ్ల చేతుల్లో పడింది. ఐదో ఆట పొద్దున పొయ్యి దగ్గర మామగారు మొదలుపెట్టారు. "వీడు ఆటగాడు కాదు, ధర్మదాత. బంతి ఎవడడిగితే వాడికి ఇచ్చేస్తాడు" అన్నారు. నేట్ మెల్లగా, "ఈ ఏడాదైనా ఆగుదాం నాన్నా, చిన్నవాడు. ఎదురుగా పదకొండు మంది మీద పడుతుంటే, మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి" అన్నాడు. "ఇరవై ఏళ్లు ఆగానురా! ఉన్న ఓపికంతా ముందొచ్చిన పదహారు మందీ తినేసి పోయారు. వీడి వంతుకొచ్చేసరికి గిన్నె ఖాళీ. అది నా తప్పా?" అన్నారు మామగారు. అందరూ అవునవునన్నారు. ఆయన నావైపు తిరిగి, "కుట్టిన చెయ్యే విప్పాలి. రావే మూగపిల్లా" అన్నారు.

నేను వెళ్లాను. ఎవరూ నన్ను లాక్కెళ్లలేదు. కుట్లు విప్పే చిన్న కత్తి ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. చుట్టూ నలభై మంది చేరారు. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు. కుట్టు తెలిసిన చెయ్యి కనుక అక్షరాలు చకచకా ఊడొచ్చాయి. "ఎంత తేలిగ్గా వచ్చేస్తున్నాయో చూడండి" అందొకావిడ. అప్పుడు నేను తల ఎత్తి, "గట్టిగా కుడితేగా! ఎలాగూ నిలబడడని మొదట్నుంచీ కచ్చాకుట్టే వేశాను" అన్నాను.

అది అబద్ధం, మిస్ వెర్లీన్ గారూ. లాగితే ఊడొచ్చే తాత్కాలిక కుట్టు కాదు, రెండేసి కుట్లు వేశానని పైన రాశాను కదా. కానీ నలభై మందీ ఒక్కసారి ఘొల్లున నవ్వారు. నేనొక మాటంటే జనం నవ్వడం నా బతుకులో అంతకుముందు లేదు. మామగారు "మూగపిల్ల నోరు తెరిచిందిరోయ్!" అని నా భుజం చరిచి, చేతిలో బీరు పెట్టారు. లోవైనా, లోవైనా అని అందరూ అరిచారు. ఎనిమిది అక్షరాలూ నిప్పుల్లో వేశాను. వెనక్కి తిరిగేసరికి తాడు కట్టిన దారి అవతల మీరు నిలబడి ఉన్నారు. నేను లైనింగు వేసిన నీలం కోటులో. మెడలో ఆటగాళ్ల ఇంటివాళ్లకిచ్చే కార్డు, దాని మీద టాలివర్ అని పెద్దక్షరాలు. అలా తెలిసింది నాకు మీరెవరో. మీరు కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని, గేటువైపు నడిచి వెళ్లిపోయారు.

తర్వాతి సంగతి ఊరంతటికీ తెలుసు. ఆట మొదలయ్యేలోపే ఆ వీడియో ఫోనుల్లో తిరిగింది. మీ అబ్బాయి విసిరిన బంతి రెండోసారి ఎదుటివాడికి దొరకగానే, పై వరసల్లోంచి "కచ్చాకుట్టు! కచ్చాకుట్టు!" అని కేకలు మొదలై స్టేడియమంతా పాకాయి. సగం ఆటకి కోచ్ అతన్ని కూర్చోబెట్టేశాడు. అతను తలమీద తువ్వాలు కప్పుకుని మైదానం పక్కన ఆటగాళ్ల బల్ల చివర ఒంటరిగా కూర్చున్నాడు. మామగారు నన్ను మోచేత్తో పొడిచి, "విన్నావా, నీ మాటే!" అన్నారు. నేను అరవలేదు. అరవలేదని చెప్పి తప్పించుకోను. ఆయన నావైపు చూసి నవ్వితే నేనూ నవ్వాను.

తర్వాత ఐదు ఆటలు అతన్ని దింపలేదు. అతని చోట ఆడుతున్న పాతతనికి మోకాలు దెబ్బతింటే మొన్న ఆదివారం మళ్లీ దింపారు, గెలిపించాడు. ఇప్పుడు ఊళ్లో ప్రతివాడూ మొదట్నుంచీ తను నమ్మాననే చెబుతున్నాడు. నిన్న మామగారు కొత్త అక్షరాలు కొనుక్కొచ్చి నా మిషను మీద పెట్టారు. "కుట్టు తల్లీ, ఈసారి గట్టిగా కుట్టు. వీడు మనవాడు" అన్నారు.

నేను కుట్టనన్నాను. "ఒక్క ఆటకి నెత్తినెత్తుకుంటే వచ్చే ఆదివారం మళ్లీ కింద పడెయ్యాల్సొస్తుంది. నేను కుట్టనూ కుట్టను, విప్పనూ విప్పను. మూడేళ్లు ఆ చోటు ఖాళీగా ఉండనివ్వండి. అప్పుడు చూద్దాం" అన్నాను. ఆ ఇంట్లో నేను మాట్లాడిన మాటల్లో అదే పొడుగైనది. "పేరు లేని చొక్కా వేసుకెళితే జనం నవ్వరా?" అన్నారాయన. "నవ్వనివ్వండి, నేను నవ్వించలేదా?" అన్నాను. "దీనికి నోరొచ్చినప్పట్నుంచీ ఇంట్లో మనశ్శాంతి లేదు" అని గొణుక్కుంటూ అక్షరాలు తీసుకెళ్లి సొరుగులో పడేశారు. నేట్ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే, "నాన్నా, ఇప్పుడైనా ఆగుదామా?" అన్నాడు.

అతను గెలిచాడు కనుక రాస్తున్నానని అనుకోకండి. అంతకుముందే మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. గెలిచినవాడి తల్లికి క్షమాపణ చెప్పుకోవడం తేలికే. తువ్వాలు కప్పుకుని కూర్చున్నవాడి తల్లికి చెప్పుకోవలసింది, ఆ రోజే, ఆ తాడు దాటి వచ్చి.

గౌను కోసం మీరొస్తానంటే ముందుగా పావ్లిక్ గారికి చెప్పండి. ఆ పూట నేను వెనక గదిలో ఉంటాను. మళ్లీ పీట మీద కూర్చోమని అడగను. ఎవరూ లేని గురువారాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయని మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మీ మంచితనానికి తగని,
లోవైనా ఓరవెట్స్

తా.క. కవరు అంటించి మళ్లీ చించాను. సెప్టెంబరులో ఆ అబ్బాయి ఎవరో తెలియదని పైన రాశాను. అది అబద్ధం. మీరు రెండోసారి వచ్చి వెళ్లిన రోజే పావ్లిక్ గారు నన్ను పక్కకి పిలిచి, "ఆవిడ టాలివర్ తల్లి. ఎవరికీ చెప్పకు, జనం మీదపడతారు" అన్నారు. నేనెవరికీ చెప్పలేదు. గుర్రం సంగతి మీ అబ్బాయిని మనసులో పెట్టుకునే చెప్పాను. చెప్పినప్పుడు ప్రతి మాటా నమ్మి చెప్పాను. పేరు విప్పుతున్నప్పుడు కూడా అది మీ అబ్బాయి పేరని తెలుసు, మీరు నా చేతులు పట్టుకున్నదీ గుర్తుంది. అయినా నలభై మంది నన్ను చూస్తున్నారని విప్పాను. ఈ ఉత్తరం మళ్లీ శుభ్రంగా రాయవచ్చు. కానీ క్షమాపణ ఉత్తరంలో కూడా అబద్ధమాడిన మనిషినని మీకు తెలియాలి కనుక ఇలాగే పంపుతున్నాను. ఆ రోజు నాకు తెలియనిదల్లా ఒక్కటే, మీరు చూస్తున్నారని.