రీసెట్ నొక్కి ఆపాలి

సరళా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ వీడియోగేమ్ అటక మీంచి దించాను. నీ జపాన్ ఆట క్యాసెట్ మన మిషన్లో నేరుగా పట్టదు కదా, మధ్యలో అడాప్టర్ తగిలించి ఆన్ చేశాను. నువ్వు ఆపిన వంతెన మీదే నీ వీరుడు నిలబడి ఉన్నాడు. మన సైనిక్‌పురిలో మాజీ సైనికులు ఎందరున్నా, ఒక్క జపాన్ అక్షరం రాకుండా ఆ ఆటలోని దేశంలో అంత దూరం వెళ్ళింది నువ్వే.

ఇప్పుడు ఆపాలంటే భయం. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని ఆపకపోతే దాచిన ఆట చెరిగిపోతుందనేదానివి. బయట మబ్బు పట్టింది. కరెంటు పోయినా అంతే.

"గట్లనే కూసుంటవా నాన్నా? రీసెట్ నేను పట్టుకుంట, నువ్వు బంద్ చెయ్," అంది మన రాధ.

"జెర గట్టిగ పట్టుకో బిడ్డా."

ఆపాను.

"ఆట ఉందో పోయిందో మళ్ల ఏసి సూద్దమా?" అంది.

క్యాసెట్ తీసి నీ చీరల మధ్య పెట్టేశాను.