రెండు మంచాల దూరం

మోరిస్‌విల్, అమెరికా,
ఏప్రిల్ 18, శనివారం.

చిరంజీవి సౌభాగ్యవతి అనంతలక్ష్మికి వీరాంజనేయులు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, సుధా, అల్లుడూ, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, మీ అక్క కృష్ణకుమారీ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఆవిడ తుంటి ఆపరేషన్ కుట్లు మానాయనీ, వాకర్ పట్టుకుని వంటింటి గడపదాకా వస్తోందనీ రాశావు. సంతోషం. వంటింట్లోకి వచ్చిందంటే పోపుగరిటె నీ చేతుల్లోంచి లాక్కుంటుంది, కాస్త జాగ్రత్త.

ఎప్పుడూ నేను రాసిన కాగితాన్ని సుధ ఫోటో తీసి నీకు పంపిస్తుంది కదా. ఈసారి మాత్రం కవర్లో పెట్టి పోస్టు చేస్తున్నాను. నీ చెవి సంగతి తెలిసిందే, ఫోన్లో నేనొకటి చెబితే నీకు ఇంకొకటి వినపడుతుంది. పైగా ఇందులో ఒక మాట ముందు నువ్వొక్కదానివే చదవాలి. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటున్నాను. మోకాళ్ళు ఊళ్ళో ఉన్నప్పటికంటే నయం, ఇక్కడ నేల మీద కూర్చునే పనే లేదు. హాసిని తెలుగు మాట్లాడుతోంది కానీ క్రియ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి దూకేస్తుంది. "తాతా, నన్ను క్యాచ్ చెయ్, నన్ను సీ చెయ్" అంటుంది. నాలుగేళ్ళ పిల్ల, పోనీలే అనుకుంటున్నాను. అద్వైత్‌కి తొమ్మిదో నెల, కింద రెండు పళ్ళు వచ్చాయి. నా వేలు వాటికి బాగా నచ్చింది.

ఇక నీ పెద్ద ప్రశ్న. "బాగా తిరుగుతున్న కారు ఎందుకు మారుస్తున్నారు? నలుగురు మనుషులకి అంత ఎత్తు బండి ఏం చేసుకుంటారు? మీరు పక్కనుండి కూడా చెప్పరా?" అని రాశావు. చెప్పాను. కానీ ముందు వాళ్ళ బాధేమిటో విను.

వాళ్ళ పాత కారు సెడాన్, మన కలెక్టరాఫీసు కార్లలా కిందకి ఉంటుంది. అల్లుడు ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్నాడు. పదకొండేళ్ళలో ఒక్కరోజు మొరాయించలేదట. దానిమీద ఇష్టం అతనికి, ఎవరేమన్నా ఊరుకోడు. కానీ ఇక్కడ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ఒప్పుకోరు. వాళ్ళకి వేరే సీట్లుంటాయి, సింహాసనాల్లాంటివి. అవి రెండూ వెనక అటూ ఇటూ బిగిస్తే మధ్యలో మిగిలింది నేను, రోట్లో ఇరుక్కున్న పొత్రంలాగా. అద్వైత్‌ని ఎక్కించాలంటే సుధ నడుం సగానికి వంచి, తల లోపలికి దూర్చి, బెల్టు బిగించి, మళ్ళీ తల తగలకుండా వెనక్కి రావాలి. రోజుకి నాలుగుసార్లు. కాన్పయినప్పటి నుంచి దాని నడుం అంతంతమాత్రం. డిక్కీలో పిల్లాడి బండి పెడితే బియ్యం బస్తాకి చోటుండదు, బస్తా పెడితే బండి ఇంట్లో వదిలెయ్యాలి.

ఇదంతా ఒక ఎత్తు. మార్చి నెలలో వాన పడుతుండగా సుధ హైవే మీద వస్తుంటే పక్కనే పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఒకటి వచ్చింది. ఆ చక్రం సుధ కిటికీ అంత ఎత్తుంది. అది చిమ్మిన నీళ్ళకి అద్దం మొత్తం తెల్లబడిపోయి, నాలుగైదు క్షణాలు దానికి రోడ్డే కనబడలేదట. వెనక పిల్లలిద్దరూ ఉన్నారు. ఇంటికొచ్చి తాళాలు బల్లమీద పెట్టి, "ఇంక నేను ఈ కార్లో పిల్లల్ని తీసుకెళ్ళను భానూ. ఎత్తుగా ఉండే బండి కావాలి. ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది" అంది.

"భయపడి కొనే వస్తువు కాదు సుధా అది," అన్నాడు అల్లుడు.

"భయపడింది నేను, నువ్వు కాదు," అంది ఇది.

వారం రోజులు ఇంట్లో ఆ మాటే. ఒకరోజు అల్లుడితో కలిసి హాసినిని బడి దగ్గర దింపడానికి వెళ్ళాను. వరసలో ఇరవై బండ్లుంటే పదహారు ఎత్తువే. మన కారు ముందు ఒకటి, వెనక ఒకటి. ముందేం జరుగుతోందో ఏమీ కనబడదు. నాకప్పుడు అర్థమయింది. టూరింగ్ హాల్లో నేల టిక్కెట్టులో ముందువాడు లేచి నిలబడితే వెనకవాళ్ళు ఏం చేస్తారు? వాళ్ళూ లేస్తారు. తప్పు పట్టలేం. పిల్లలున్నవాళ్ళు అసలే పట్టలేం.

చివరికి అల్లుడే నా దగ్గరికి వచ్చాడు. "మావయ్యా, మీరు ముప్పై ఒక్క ఏళ్ళు కాన్వెంటు బస్సు నడిపారు. మీరే చెప్పండి, ఎత్తు మంచిదా, కిందకి ఉన్నది మంచిదా?"

"చూడకుండా ఎలా చెప్పను బాబూ, ఎక్కి కూర్చోవాలిగా," అన్నాను.

పోయిన ఆదివారం అందరం షోరూముకి వెళ్ళాం. ఇక్కడ ఈ రోజుల్లో పైన్ చెట్ల పుప్పొడి రాలుతుంది. బయట పెట్టిన బండ్లన్నిటి మీదా పసుపు ఆరబోసినట్టుంది. సుధ కోరుకున్నది నల్లది, మూడు వరసల సీట్లది. నిజం చెప్పొద్దూ, చూడగానే నాకూ నచ్చింది. తలుపు తీస్తే సీటు సరిగ్గా నడుం ఎత్తున ఉంది. ఎక్కడానికి మోకాలు వంచక్కర్లేదు, దిగడానికి చెయ్యి పట్టుకోనక్కర్లేదు. సుధ నిటారుగా నిలబడే అద్వైత్‌ని సీట్లో పెట్టి బెల్టు బిగించింది. బిగించి నావైపు చూసి నవ్వింది. చాలారోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో. రోడ్డంతా మన కాళ్ళ కింద ఉన్నట్టే, బస్సులో లాగే. కానీ అప్పుడు ఎదురుగా ఆ బానెట్టు చూశాను. మంచంలా పరుచుకుని ఉంది. దాని అవతల నేల ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు.

"బాబూ, ఆయన్ని తాళం జేబులో పెట్టుకోమను," అన్నాను అల్లుడితో. అమ్మే ఆయన తెల్లాయన, నా వయసే ఉంటుంది. ఎందుకో తెలియకపోయినా పెట్టుకున్నాడు. "ఇప్పుడు హాసినిని బండి ముందు, బంపర్‌కి వీపు ఆనించి నిలబెట్టు. నేను ఆగమనేదాకా ఒక్కో అడుగూ ముందుకి నడవాలి."

హాసినికి అదొక ఆటలా ఉంది. నడుస్తూ అరుస్తోంది, "తాతా, నన్ను సీ చేశావా?"

"లేదమ్మా."

ఇంకో అడుగు. "ఇప్పుడు?"

"ఇంకా లేదు."

అలా పోతూనే ఉంది. దాని రెండు పిలకలు నాకు కనబడేసరికి మన నవారు మంచాలు రెండు వరసగా వేసినంత దూరం వెళ్ళింది లక్ష్మీ. రెండు మంచాలు.

అమ్మే ఆయన వచ్చి స్టీరింగ్ పక్కనున్న తెర చూపించాడు. కెమెరా ఉంది, దగ్గరగా ఏదైనా వస్తే కూత కూడా పెడుతుందట. మంచి ఏర్పాటే, కాదనను. నేను బస్సు నడిపిన రోజుల్లో అది ఉంటే దణ్ణం పెట్టేవాణ్ణి. కానీ ఆ తెర మీద అప్పటికే పాటల పట్టీ ఉంది, దారి చూపే పటముంది, ఎవరో ఫోన్ చేస్తున్నట్టు బొమ్మ వస్తోంది. ఎన్నని చూస్తాం?

"నాన్నా, దిగు, నేను చూస్తాను," అంది సుధ. ఎక్కి కూర్చుంది. హాసిని పరుగెత్తుకెళ్ళి మళ్ళీ బంపర్ దగ్గర నిలబడి రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. పక్కన నిలబడ్డ మాకు కనబడుతూనే ఉంది. సుధ మెడ సాచింది, అటు వంగింది, ఇటు వంగింది.

"హాసినీ, ఎక్కడున్నావ్?"

"ఇక్కడే అమ్మా, నీ ముందు!"

సుధ తలుపు తీసుకుని దిగింది. "ఇది వద్దు నాన్నా," అంది.

పాతదే ఉంచుకుందాం అని అల్లుడు అంటాడేమో అనుకున్నాను. అనలేదు. అద్వైత్‌ని తనే ఒకసారి పాత కారులో ఎక్కించి, దింపి, నడుం పట్టుకుని, "ఇదీ వద్దులే," అన్నాడు. ఎక్కిస్తుంటే అతనికి సాయంగా నేను తల లోపలికి వంచితే నా తలకీ పైకప్పు తగిలింది.

రెండిటికీ మధ్యరకం ఒకటి తీసుకున్నారు. రెండు వరసలే, బానెట్టు పొట్టిది, ముందుకి వాలి ఉంటుంది. హాసిని ఒక మంచం దూరంలోపే కనబడింది. ఎక్కడం దిగడం సుఖం, పిల్లాడి బండీ బియ్యం బస్తా రెండూ పడతాయి, ట్రక్కు పక్కన నడిపినా చక్రం కిటికీ దాకా రాదు. రంగు హాసిని ఎంచింది, ముదురు ఆకుపచ్చ. పాత కారుని అప్పగించి వచ్చేటప్పుడు అల్లుడు దాని పైకప్పు మీద ఒకసారి చెయ్యివేసి నిమిరాడు. చూడనట్టు ఉన్నాను. ఇదీ లక్ష్మీ, నలుగురికి ఎత్తు బండి ఎందుకంటే.

ఇప్పుడు నీ ఒక్కదానికే రాయాల్సిన మాట.

రోజూ పొద్దున బస్సు తియ్యబోయే ముందు నేను దాని చుట్టూ ఒకసారి తిరిగేవాణ్ణి, గుర్తుందా? "గుళ్ళో చెయ్యని ప్రదక్షిణం బస్సుకి చేస్తున్నాడు మహానుభావుడు" అని నువ్వు నవ్వేదానివి. అలవాటు అనేవాణ్ణి. మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదది. సుధ ఎల్‌కేజీలో చేరిన ఏడాది మొదలైంది.

ఆ రోజు ఆయమ్మ సెలవు పెట్టింది. సాయంత్రం కూరగాయల మార్కెట్టు దగ్గర స్టాపులో పిల్లల్ని దింపాను. అద్దంలో చూశాను, అందరూ అరుగు మీదికి ఎక్కినట్టే కనబడింది. మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాను. బస్సు జానెడు కదిలింది. అప్పుడు పక్కన జామకాయలమ్మే ఆవిడ గంప వదిలేసి రెండు చేతులతో బస్సుని దబదబ బాదింది. బ్రేకు తొక్కాను. బస్సు ముందు నుంచి ఒక చిన్నపిల్ల లేచింది. టిఫిన్ డబ్బా మూత జారిపడితే వంగి తీసుకుంటోంది. మూత గౌనుకి తుడుచుకుని, నన్ను చూసి నవ్వి, టాటా చెప్పి వెళ్ళిపోయింది. దానికేమీ తెలియదు. ఆ జామకాయలావిడ నా మొహంలోకి చూసి, "పిల్లున్నదయ్యా," అంది. అంతే, తిట్టలేదు. తిడితే బాగుండేది.

అప్పుడు నా వెనక, ఇంజను పక్క సీట్లో మన సుధ కూర్చుని ఉంది. "నాన్నా, ఎందుకు ఆపావ్?" అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను.

ఎవరికీ చెప్పలేదు. బడి వాళ్ళకి చెబితే ఉద్యోగం ఉండదనుకున్నాను. నీకెందుకు చెప్పలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రోజూ గేటు దగ్గర నిలబడి ఎదురుచూసేదానివి, నన్ను చూడగానే నీ మొహంలో ఒక ధీమా కనబడేది. అది పోతుందని భయం. ఆ ఏడాదే వార్షికోత్సవంలో ఒక్క ప్రమాదమైనా చెయ్యని డ్రైవరని నాకు శాలువా కప్పారు. అది ఎప్పుడూ ఎందుకు కప్పుకోనని నువ్వడిగితే ఉక్కపోత అన్నాను. డిసెంబరులో కూడా అదే అన్నాను.

ఆ పిల్ల నీకు తెలుసు. ఉమామహేశ్వరి, పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి మనింటికొచ్చిన అమ్మాయి. నువ్వు బొట్టుపెట్టి జాకెట్టుగుడ్డ ఇచ్చావు. నన్ను పిలిస్తే పెరట్లోకి వెళ్ళి బావిదగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాను. పదో తరగతి దాకా అది నా బస్సే ఎక్కింది. దిగాక అది ఇంటి మలుపు తిరిగేదాకా నేను గేరు వెయ్యలేదు. ఒక్కరోజు కూడా.

ఇన్నేళ్ళు దాచినందుకు నీకు కోపం వస్తే రావాల్సిందే. రాసెయ్, చదువుకుంటాను. కానీ ఈ కాగితం మీద పెట్టాక నాకు తేలిగ్గానే ఉంది, అది కూడా నిజం. షోరూములో హాసిని చేతులూపుతుంటే, ఆ రోజు బస్సు ముందు ఏముందో నేను మొదటిసారి పక్కనుంచి చూశాను.

ఈ పొద్దున కొత్త బండిలో క్రాబ్‌ట్రీ చెరువు పార్కుకి వెళ్ళాం. నేను ముందు సీట్లో, సుధ వెనక పిల్లల మధ్య. పొత్రం పని ఇప్పుడు దానిది. అల్లుడు అందర్నీ ఎక్కించి, తలుపులు వేసి, తను ఎక్కకుండా బండి చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి వచ్చాడు. ముందు వంగి చూశాడు, వెనక వంగి చూశాడు. వారం కిందట ఒక్కసారి చెప్పానంతే, అప్పటినుంచీ తిరుగుతూనే ఉన్నాడు.

"ఏముంది భానూ?" అంది సుధ.

"ఏమీ లేదు. మావయ్య అలా చూసి ఎక్కమన్నారు."

"ఎందుకు నాన్నా?"

అలవాటమ్మా అన్నాను మళ్ళీ. బండి కదిలింది, హాసిని పాట అందుకుంది, చెరువు దగ్గర బాతులున్నాయి, ఇడ్లీలు తిన్నాం, అద్వైత్ గడ్డి మీద మొదటిసారి రెండడుగులు పాకాడు. అందరం సంతోషంగానే వచ్చాం. కానీ సుధ అడిగిన ఆ ఒక్క మాట నన్ను వదల్లేదు. ఆ రోజు కూడా అదే పిల్ల, వెనక సీట్లోంచే అడిగింది.

ఈసారి సుధకి నిజం చెప్పాలనుకుంటున్నాను. కానీ ఈ ఉత్తరం నీకు చేరడానికి పది పన్నెండు రోజులు పడుతుందట. అంతదాకా ఆగుతాను. ముందు నీకు తెలియాలి.

ఇట్లు,
సుధ వాళ్ళ నాన్న,
వీరాంజనేయులు