కిటికీ పక్క చాప

అన్నా, ఈ ఉత్తరం ఏ పోస్టు డబ్బాలోనూ వెయ్యను. అయినా నీకు చెప్పకుండా ఉండలేను.

రంగూన్‌లో వానలు వెళ్లిపోయాయి, చలిగాలి మాత్రం ఇంకా రాలేదు. రేకుల కింద మన గది పొయ్యిలా ఉంది. నువ్వు రేవులో బస్తా మోస్తూ ఎండదెబ్బకు పడిపోయి, మళ్లీ లేవక ఇవాళ్టికి పదహారు రోజులు.

మన గది కట్టుబాటు నీకు తెలిసిందే. ఎవరైనా ఖాళీ చేస్తే వెనకవాళ్లంతా ఒక్కో చాప కిటికీ వైపు జరగాలి. ఇవాళ మధ్యాహ్నం మన కూలీల మేస్త్రి నీ చాప చుట్టేశాడు.

"ఏటిరా అలా సూత్తన్నావు? కిటికీకాడి సోటు ఇక నీదే. జరుగు," అన్నాడు.

నేను జరిగాను. నా వెనక పదిమందీ జరిగారు.

ఈ చోటు కోసం నీతో ఎన్నిసార్లు పోట్లాడాను! "సలికాలంలో నాను ఇంటికెల్లిపోతాను, అప్పుడు నువ్వే తొంగుందువులేరా," అని నవ్వేవాడివి.

ఇక్కడే పడుకుని రాస్తున్నాను. నది మీంచి గాలి వస్తోంది. ఒళ్లు హాయిగా ఉంది, ఆ హాయికే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ చోటు నాకిమ్మని సింహాద్రప్పన్నకు రోజూ మొక్కాను, అన్నా. ఎలా ఇవ్వాలో మాత్రం చెప్పలేదు.